అంచుల్లో పెన్సిలు

పొద్దున్నే అయిదింటికి
కాఫీ మరిగేలోపు ఒక అధ్యాయం.
అంతే నా భక్తి. అంతకు మించి చెబితే అబద్ధం.
కొన్ని రోజులు కళ్ళు అక్షరాల మీద నడుస్తుంటే
మనసు అప్పటికే చేపల ఫ్యాక్టరీకి వెళ్ళి
చేతి తొడుగులు వెతుక్కుంటూ ఉంటుంది.
లేవీయకాండములో కుష్ఠు మచ్చల దగ్గర
మూడుసార్లు కునికాను.
దేవుడు చూసే ఉంటాడు. ఏమీ అనలేదు.

ఈ బైబిలు మా నాన్నది.
అట్ట మీద గొర్రెకొవ్వు మరక,
లోపల, పేజీల అంచుల్లో, ఆయన పెన్సిలు రాతలు.
ప్రార్థనలేమో అనుకుని మొదట్లో
చదవడానికే జంకాను.
తీరా చూస్తే వాతావరణం!
కీర్తనల పక్కన: ఉత్తరపు గాలి. రెండు గొర్రెలు కొండ దిగలేదు.
యోబు పక్కన: వాన.
దాని కింద: నిన్న కూడా.
పరమగీతం పక్కన ఏమీ రాయలేదు కానీ
ఆ పేజీలే అన్నిటికన్నా ఎక్కువ నలిగాయి.

మా ఫారో దీవిలో, మా ఊళ్ళో, చెట్టన్నది లేదు.
నీటి కాలువ పక్కన నాటిన చెట్టు అని చదివితే
నాకు పడవ తెరచాప కొయ్యే కనిపించేది, చిన్నప్పుడు.
కాపరి మాట మాత్రం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.
గొర్రెలు ఇక్కడ మనుషులకన్నా ఎక్కువ.
పిల్ల పుట్టగానే చెవి కోసి
ఇది మాది అంటాం.
హానుస్ వాళ్ళది ఎడమచెవికి ఒక చీలిక,
మాది రెండు.
ఒక్క కత్తిగాటు తేడా.

మొన్న మత్తయి అయిదో అధ్యాయానికి వచ్చాను.
కానుక పీఠం దగ్గరే వదిలేసి
ముందు నీ సహోదరుడి దగ్గరికి వెళ్ళమనే చోట
పెన్సిలు లోతుగా దిగింది:
పొగమంచు. హానుస్ పొట్టేలు. రెండో గాటు నేను పెట్టాను.
నాకు పద్నాలుగేళ్ళు నిండబోయే శరదృతువు అది.
ఆ చలికాలమంతా గాలిచావడిలో వేలాడి
వసంతంలో నా కన్ఫర్మేషన్ విందుకు బల్ల మీదికొచ్చిన మాంసం
అదే అయ్యుండాలి.
రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆ రాత కింద నిలువు గీతలు.
లెక్కపెట్టాను, ఇరవై రెండు.
ఏడాదికొకసారి పుస్తకం మొత్తం చదివేవాడు నాన్న.
ఏడాదికొకసారి ఇక్కడికొచ్చి
ఒక గీత గీసి
పేజీ తిప్పేశాడు.

నాన్న లేడు. హానుస్ లేడు.
హానుస్ కూతురు సున్వా ఉంది,
కోత బల్ల దగ్గర, రోజూ నా ఎదురుగానే.
ఉప్పు అందిస్తుంది, అప్పుడప్పుడు జోకులు చెబుతుంది.
నిన్న మంచుగడ్డల మోత మధ్య
చెప్పేశాను. గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.
పాపం ఒప్పుకోవడానికి అది చోటు కాదు,
కానీ ఇంకో చోటుకి వెళ్ళేదాకా ఆగితే
నేనూ ఒక గీత గీసేదాన్ని.

సున్వా కత్తి ఆగింది.
"అది కొండ అంచు నుంచి పడిందనుకున్నాడు నాన్న," అంది.
"నడుముకి తాడు కట్టుకుని మూడు రోజులు దిగి వెతికాడు.
ఆ మోకాలు, నీకు గుర్తుందా, అప్పటిదే."
గుర్తుంది.
గుడి మెట్ల మీద ఆయన ఒక కాలు ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే
మా నాన్న చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు.
ఎంత మంచివాడో మా నాన్న అనుకునేదాన్ని.
సున్వా మళ్ళీ చేప అందుకుంది.
సైరన్ మోగేదాకా
ఇద్దరం తలెత్తలేదు.

ఈ ఉదయం ఆరో అధ్యాయం చదవాలి.
చదవలేదు.
పాత పేజీయే తెరిచి కూర్చుంటే
కాఫీ పొంగి పొయ్యి మీద పడింది.
చావిట్లో ఇంకా చెవి కొయ్యని పిల్లొకటి
తల్లిని అడిగి అడిగి అరుస్తోంది.

పెన్సిలు చెక్కుకుని
ఇరవై రెండు గీతల కింద రాశాను:
గాలి లేదు. చెప్పాను.
సున్వా ఇంకా ఏమీ అనలేదు.