తీసుకెళ్ళని ఆరు ప్రతులు

కోపిల్కోలో కాలాన్ని మేం కాగితాలతో కొలుస్తాం.
ఆగస్టులో సిలబస్సులు, అక్టోబరుకి నోట్సులు,
మే వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతున్న జిరాక్సు మిషను,
జులైలో వీధి మొత్తం
పెళ్ళయిపోయిన మర్నాటి పందిరి.
మెట్రో మెట్లెక్కి వచ్చేవాళ్ళ వయసు మాత్రం
ముప్పై ఏళ్ళుగా పంతొమ్మిది దాటలేదు.
అరిగినవి నా మోకాళ్ళే.

అద్దెలు పెరిగినప్పుడల్లా పక్కింట్లో ఒక గది రెండవుతుంది.
డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన
ఇప్పుడొక తత్వశాస్త్రం నిద్రపోతోంది,
దాని కింద రెండు వైద్యాలు, వాటికొక పిల్లి.
రాత్రి రెండింటికి గోడ అవతల
ఎవరో ఎముకల పేర్లు వల్లె వేసీ వేసీ
సగం నాకే వచ్చేశాయి.
మోకాలిచిప్పని లాటిన్లో ఏమంటారో అడగండి, చెప్తాను.

మూడేళ్ళ కిందట
నయేలి ఒరొపేస అనే పిల్ల
సగం డబ్బు ముందే ఇచ్చి
ముదురెరుపు అట్ట, బంగారు అక్షరాలు, ఆరు ప్రతులు అంది.
మళ్ళీ రాలేదు.
ఫోను మోగింది, మోగింది,
కొన్నాళ్ళకి మోగడం కూడా మానేసింది.
"కిలోల లెక్కన అమ్మేద్దాం అత్తా" అన్నాడు ఎవరిస్తో.
రెండు మాత్రం కుంటి బల్ల కాలికింద పెట్టాను.
కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

మొన్న కరెంటు పోయింది.
బైట వాన. మిషను మూగ. గిరాకీ లేదు.
చేతులు ఊరుకోవు కదా, ఒకటి తెరిచాను.
ఇన్ని వందల థీసిస్‌లు కుట్టాను, అంటించాను, అంచులు కోశాను,
చదవడం ఇదే మొదలు.

అంతా రాయి గురించే.
ఎప్పుడో కొండ కక్కిన నిప్పు
ఇక్కడిదాకా పాకి, అలిసి, నల్లగా గడ్డకట్టిందట.
యూనివర్సిటీ దాని మీదే. మేమూ దాని మీదే.
నలభై ఏడో పేజీలో ఒక ఫోటో:
పేనిన తాడులా మెలికలు తిరిగిన రాయి,
పక్కన బోర్లించిన నీలం బకెట్టు.
బకెట్టు నాది.
రాయి నా పెరట్లోది,
కాపురానికి వచ్చిన్నాటి నుంచీ దాని మీదే ఉతుకుతున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది.
బాత్రూం అని అడిగి లోపలికెళ్ళి
అరగంటైనా రాలేదొక పిల్ల.
"పురుడు పోసుకుంటున్నావా ఏంటే" అని అరిచాను,
వరసలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు.
బైటికొచ్చినప్పుడు దాని మోకాళ్ళకి తడిమట్టి.

ఫోటో కింద సన్నటి అక్షరాల్లో:
'ప్రైవేటు నివాసం. ఇంటావిడకి తెలియదు.'

తెలియదు. నిజమే.

కరెంటొచ్చింది. మిషను దగ్గుతూ లేచింది.
బల్లకింది రెండూ లాగి, దుమ్ము దులిపి
మిగతా నాలుగింటి పక్కన నిలబెట్టాను.
బల్ల మళ్ళీ కుంటుతోంది.
నీ సగం బాకీ అలాగే ఉంది, నయేలీ,
వచ్చినా పైసా తగ్గించను.
కాకపోతే ఇప్పుడు
సబ్బు రుద్దబోయిన ప్రతిసారీ
చెయ్యి ఒక్క క్షణం ఆగి
రాయి ఇంకా వేడిగా ఉందేమోనని చూస్తోంది.