వీపుకు తెలుస్తుంది

నీళ్ళు వెనక్కి పోయిన మూడు గంటలే మాకు పగలు.
అరౌసా ఖాతం ఒట్టి బురదై మెరుస్తుంటే
దంతెతో గీకి ఆలిచిప్పలు ఏరుకునే ఆడవాళ్ళం,
పదకొండు మందిమి.
చంద్రుడి లెక్కే, గడియారం లెక్క లేదు.

ఎడమ రొమ్ము తీసేశాక రెండేళ్ళు
బ్రాలో సిలికాన్ ముద్ద దోపుకుని వంగాను.
ఒకరోజు అది జారి బకెట్లో పడింది.
నేను చూసుకోలేదు.
వేలంపాట షెడ్డులో తూకం బల్ల మీద
చిప్పల మధ్య నుంచి దాన్ని పైకి తీసి
కుర్రాడు బ్రాయిస్ అడిగాడు:
"ఇదేం జీవి, డోరిందా అత్తా?"
"తూకం వెయ్యరా, మంచి ధర పలుకుతుంది" అన్నాను.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికొచ్చి ఆ బకెట్టు మూడుసార్లు కడిగాను.

సాంతియాగోలో డాక్టరమ్మ నన్ను నిలబెట్టి
నీలం పెన్నుతో వీపు మీద దోనె బొమ్మ గీసింది.
"రేడియేషన్‌కి మాడిన చర్మం కింద
ఉత్త సిలికాన్ నిలవదు.
వీపు కండని తిప్పి తెస్తాను.
నెత్తురు నాళం తెంపను,
చంక కింద దారి చేసి
లోపల్నుంచే ముందుకి లాగుతాను."
నేనడిగింది ఒక్కటే. దంతె లాగగలనా?
"మిగతా కండరాలు నేర్చుకుంటాయి" అంది.
నేర్చుకోకపోతే, అని అడగలేదు.

వెన్నుపోటు గురించి ఊరంతా చెబుతుంది.
వెన్ను పెట్టిన దాని గురించి ఎవరూ చెప్పలేదు నాకు.
ముప్ఫై ఏళ్ళు తడి గోతాలు మోసింది ఆ కండ.
అద్దంలో ఒక్కసారైనా పలకరించలేదు దాన్ని.
ఇంటికి చుట్టం వస్తే
పక్క చుట్టుకుని ఇంకో గదిలోకి సర్దుకునే పెద్దకూతురిలా
మాట్లాడకుండా ముందుకి వచ్చి పడుకుంది.

మొదటి వారాలు పోటు.
పోటంటే నాకు నీళ్ళు తిరిగి రావడం,
గంట చెప్పి వచ్చి, గంట చెప్పి పోవడం.
ఇది చెప్పి రాలేదు, పోనూ లేదు.
వీపు నుంచి రెండు గొట్టాలు, రెండు సీసాలు,
ఎర్రనీళ్ళు పల్చబడేదాకా
నర్సు అంకెలు రాసుకుంటూ ఉండేది.

ఏడో నెలలో మళ్ళీ బూట్లు తొడిగాను.
దంతె లోతుగా దిగేసి వెనక్కి లాగానా,
తడి చొక్కా కింద కొత్త రొమ్ము ఎగిరిపడింది.
ఇంకోసారి లాగాను. ఇంకోసారి గెంతింది.
పాత పని మర్చిపోలేదు ముండ,
చోటు మారినా లాగుతూనే ఉంది.
ఒబ్దూలియా చూసింది. నోరు మూసుకుంది.
ఆ తర్వాత మూసుకోలేకపోయింది.
"దానికీ కూలివ్వాలే!" అని అరిచింది బురదలో నిలబడి.
ఈసారి నవ్వినందుకు ఏమీ కడుక్కోలేదు నేను.

చనుమొన లేదు దానికి.
పచ్చబొట్టులా వేయించుకోవచ్చట, అచ్చం అలాగే ఉంటుందట.
చూద్దాం.
ఒకరోజు కావాలనిపిస్తుంది,
ఒకరోజు ఆ నున్నటి చోటు
ఆటు పోయాక ఎవరూ అడుగుపెట్టని ఇసుకలా
అలాగే ఉండనీ అనిపిస్తుంది.

చెప్పాల్సింది ఇంకొకటుంది, డాక్టరమ్మ ముందే అన్నది,
నేను నమ్మనిది.
నిన్న రాత్రి ఎలాదియో
మొదటిసారి అక్కడ చెయ్యి వేశాడు.
వల ముడులు వేసి మొద్దుబారిన చెయ్యి,
పొదిగే కోడి కింద గుడ్డు తడిమినంత మెల్లగా.
"నొప్పా?" అన్నాడు.
కాదు. అక్కడ ఏమీ లేదు.
కానీ వీపు మీద, ఎడమ రెక్క కింద,
ఎవరో వచ్చి తట్టారు.
భేష్ అన్నట్టు.
లే, నీళ్ళు పోయాయి, వేళయింది అన్నట్టు.

అతను నా ఎదురుగానే ఉన్నాడు.
నేను మెడ తిప్పి వెనక్కి చూశాను.
ఇంకా అలవాటు కాలేదు.