లోపలి జేబు

నయీంనగర్ నాలా పక్క సందులో
నేను పళ్ళు తయారుచేస్తాను.
మైనంలో చెక్కి, పింగాణీలో కాల్చి,
ముసలోళ్ళ పన్నుకైతే అంచున కొంచెం పొగాకు రంగు పూసి.
మరీ తెల్లగా ఉంటే
నోరు తెరవకముందే అబద్ధం తెలిసిపోతుంది.

అందుకే కావచ్చు,
వాడిని ఫోటోలో చూసిన రాత్రి నిద్ర పట్టలేదు.
లేని గ్రహం మీద, ఓడిన సైన్యంలో ఆఖరి సిపాయి.
అడుగు ఎత్తు.
కంటి కొసన తడి.
కింది రెప్ప లోపలి అంచున
వెంట్రుక మందం ఎరుపు.
ఆ ఎరుపు దిద్దినవాడికి తెలుసు
నిద్ర లేనితనం మనిషిలో మొదట ఎక్కడ కనపడుతుందో.

ఐదు వందలే చేశారట. నాది మూడు వందల నలభై ఒకటి.
తక్కువ ఉంటేనే విలువ అంటారు.
నేను చేసే ప్రతి పన్నూ లోకంలో ఒక్కటే,
దానికోసం ఎవరూ పదకొండు నెలలు ఎదురుచూడరు.
నేను చూశాను.

మా ఆవిడ ధర అడిగితే సగం చెప్పాను.
ఆ సగానికే రెండు రోజులు మాట్లాడలేదు.

పెట్టె తెరిస్తే ముందు వాసన,
జిగురు, కొత్త తోలు, ఎక్కడిదో గది గాలి.
నురుగు గూళ్ళలో ఎనిమిది విడి చేతులు.
పిడికిలి, తుపాకి పట్టేది, ఆజ్ఞ ఇచ్చేది...
ఒకటి మాత్రం ఏమీ పట్టుకోనిది, ఊరికే తెరుచుకున్నది.
దాన్నే తొడిగాను.
మోకాలు వంచితే ప్యాంటు నిజం మడత పడింది.
ఎడమ బూటు మడమ ఎక్కువ అరిగి ఉంది:
కుంటి నడక ఒకటి ఎవరో ఊహించారు,
బొమ్మ ఎన్నడూ నడవదని తెలిసీ.

నాలా పొంగి ల్యాబులోకి నీళ్ళొచ్చిన రాత్రి
ముందు వాడినే అటకెక్కించాను,
తర్వాత ఫర్నేసు, ఆ తర్వాత బియ్యం.
మా ఆవిడ ఆ వరుస ఇంకా మరిచిపోలేదు.

మొన్న ఓదేలు వచ్చాడు.
గిర్మాజీపేటలో దర్జీ, డెబ్బై దాటాయి.
విరిగిన కింది పళ్ళ సెట్టు
రుమాల్లో కట్టుకొచ్చాడు.
అద్దాల అర ముందు ఆగి, "ఎవడు వీడు?"
బొమ్మ అన్నాను.
"ఎంత?"
ఎందుకో ఆయనకు నిజం చెప్పాను.
నవ్వుతాడనుకున్నా.
కళ్ళద్దాలు తుడుచుకుని, అద్దానికి ముక్కు ఆనించి,
కోటు అంచు పొడవునా పెదాలు కదిలించాడు.
"ఇంచుకు ముప్పై కుట్లు. గింత సన్నసూది ఏడ దొరికిందో."
మళ్ళీ చాలాసేపటికి,
"లోపలి జేబు ఉన్నదా?"

మూడేళ్ళుగా నా ఎదురుగా ఉన్నాడు. తెలియదు.
"మంచి కోటైతే ఉంటది."

తాళం తీశాను.
మైనం గీకే పనిముట్టుతో
ఆవగింజంత గుండీలు మూడు విప్పాను.
ఎడమ రొమ్ము మీద, లైనింగులో,
గోరంత జేబు.
పెట్టె మీద రాయలేదు. ఏ ఫోటోలోనూ లేదు.
విప్పకపోతే ఐదు వందల ఇళ్ళలోనూ
ఐదు వందల జేబులు చీకట్లోనే ఉండేవి.

ఓదేలు సూదిమొనతో జేబు మూల తాకాడు.
"ఇగో, ఈడ ఒక కుట్టు తప్పింది. ఎనక్కొచ్చి మళ్ళ ఏసిండు."
కాసేపు చూసి,
"ఏసింది" అని దిద్దుకున్నాడు.
"ఆడమనిషి చెయ్యి. దారం గుంజలే, ఆన్చింది."

ఎల్లుండి రమ్మన్నాను.

రెండు గుండీలు పెట్టగలిగాను. మూడోది పట్టు దొరకలేదు.
అమ్మబోతే ఆ గుండీకే ధర పడిపోతుంది.

రాత్రి ఓదేలు సెట్టు మళ్ళీ చేతిలోకి తీసుకున్నా.
అతుకు కుదిరింది, పని అయిపోయినట్టే.
లోపలి వైపు తిప్పి,
నాలుక తప్ప ఎవరూ ఎరగని ఆ గోడను
ఇంకో అరగంట నునుపు చేస్తూ కూర్చున్నా.