జున్నుపాలు

మంచు పడుడు మొదలైనంక
మా కోళ్లకు తెల్లారుడు ఆలస్యమైంది.
గూడు తలుపు తీస్తే
పుంజు ఒక్క కాలు బయటవెట్టి
మళ్ల లోపలికి గుంజుకుంటది,
బాయిల నీళ్లెంత సల్లగున్నయో చూసిన పోరని లెక్క.

పరకాల తొవ్వల రెండెకరాల పది గుంటలు.
ఎకరంన్నర పత్తి. మిగిలింది
కడుపుకు, బర్రెకు, కోతులకు.
కోతుల వాటా నేను రాయలే,
అవే రాసుకున్నయి.
మొన్న ఆనిగెపుకాయకు ఒక్క పంటిగాటు పెట్టి
ముదిరిందని పారేసి పోయినయి.
కోసి కుడితిల ఏసిన.
మా ఇంట్ల ఎంగిలికి కూడ లెక్కుంటది.

సీతాఫలాలు వడ్ల గంపల మాగవెట్టిన.
పొద్దున ఒకపారి, మాపు ఒకపారి
చెయ్యి దూర్చి ఒత్తి చూసుడే,
కంపౌండరు కడుపు చూసినట్టు.
పనిచెయ్యని డిష్ గొడుగు మీదికి
చిక్కుడు తీగ ఎక్కి ఊదారంగు పూత పూసింది.
"ఇన్నేండ్లకు ఒక మంచి చానల్ వచ్చింది"
అంటడు సమ్మయ్య, పండ్లపుల్ల నోట్ల వెట్టుకొని.
చపాట మిరప ఇంక మోకాలు దాటలే,
దానికేం తొందర లేదు.

పత్తే ఆగదు.
తెల్లగ నోరు తెరుచుకొని కూసుంటది,
మబ్బు కనవడితే ఉరుకుడు మాది.
ఒడి కట్టుకొని వంగితే
ఎండిన కాయ మొనలు గోర్ల సందుల గీరుతయి.
రాత్రి కారం కలుపుకుంటే తెలుస్తది
ఎన్ని చెట్లు ఏరిన్నో.

మా బర్రె పేరు కలెక్టరమ్మ.
తొవ్వకు అడ్డం నిలవడితే
ఆటోలోల్లు హారన్ కొట్టరు, ఇంజను బందు జేస్తరు.
శుక్రారం రాత్రి
ఓదెలు ట్రాలీల బస్తాలెత్తి తాడు గుంజి కట్టినం,
పొద్దుగాల్నే ఎనుమాముల పోవాలని.
నడిజామున కొట్టంల కలెక్టరమ్మ మూల్గింది.

ముందుగాల రెండు గిట్టలు. ఎన్కనుంచి ముక్కు.
సమ్మయ్య సెల్లు లైటు పట్టిండు,
ఆయన చెయ్యి వణికితే
వెలుగు పెంకల మీద గంతులేసింది.
పడ్డంక తోకెత్తి చూసి
ఏమనలే.
గోడవతలి నుంచి ఐలవ్వ దగ్గుకుంట అడిగింది:
"దుడ్డెనా?"
"దున్నపోతే, అత్త."
"పోనీ తియ్, బర్రె బాగున్నదా?"

తల్లి ఎవల్నీ అడుగలే.
నాలికెతో చెవులు, కండ్లు, కడుపు
తడంత నాకి నాకి
ఆ పొద్దుకు లోకంల అదొక్కటే పనన్నట్టు.
నేను పత్తి చేన్ల ఎన్నడన్న
గంత నిమ్మలంగ పనిచేసిన్నా?

మాయ పడేసరికి పొద్దు పొడిసింది.
కుక్కలకు అందకుండ మేడికొమ్మకు కట్టి వచ్చేవరకు
ఓదెలు ట్రాలీ మా బస్తాలతోటే పోయింది,
మేం పోలే.
తేమ ఎంతొచ్చిందన్నరో, ధర ఎంత కోసిండ్రో
మాపు ఆయనొస్తే ఎరుక.
పాలకేంద్రం పోరడు వచ్చి క్యాన్ ఊపి చూసిండు.
"నాలుగు దినాలు రాకు బిడ్డ,
ఇవి మిషన్ల పోసే పాలు కావు."

పసుపుపచ్చటి పాలు, బెల్లం, మిరియం.
ఇడ్లిపాత్రల ఉడికితే
కత్తి గాటుకు తళతళ వణికింది జున్ను.
అడుగు ముక్క సమ్మయ్యకు,
ఆయనకు బెల్లం పేరుకున్నదే ఇష్టం.
మిగిలింది వాడకట్టుకు గిన్నెలల్ల.

జున్ను వెట్టిన గిన్నె ఉత్తగ తిరిగి రాదు.
ఐలవ్వ గిన్నెల గుప్పెడు పెసర్లు,
ఓదెలు పెండ్లాం పుంటికూర కట్ట.
మాసూంబీ గిన్నె మాత్రం ఖాళీగ కనవడ్డది.
కడుగుదామని వంచితే
అడుగున కాయితంల చుట్టి
నాలుగు ఆనిగెపు విత్తులు.

దిష్ గొడుగు పక్కన గుంత తీసిన.
కోతులకు చెప్పలే.