పలక మీద కాలు

తొలకరి పడితే చాలు
జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరుకోవడానికి
యాడాడోళ్ళో వచ్చి గుడారాలేస్తారు.
మా స్కూలు గ్రౌండులో కూడా ఒక వజ్రముండాది,
శేషఫణి సార్ సున్నంతో గీసింది.
ఒక్కో వైపు తొంభై అడుగులుండాలంట,
గోడ అడ్డమొచ్చి డెబ్భైకి ఆపినాడు.
నడుమ ఎర్రమట్టి దిబ్బ,
దాని మీద మేకులు కొట్టిన లారీ టైరు ముక్క.

"ఇది పలక" అన్నాడు సార్.
"దీని మీద కాలుంటే నువ్వు పిచ్చరువి, నీకు చట్టముంది.
వెనక్కి దిగితే అందరి లాంటి మనిషివి.
యాడికన్నా విసురుకో, విసరకపో,
ఎవురూ అడగరు."

నాది రొడ్డచెయ్యి.
ప్రసాదానికి చాపితే
మా జేజి మణికట్టు మీద కొట్టిన చెయ్యి.
ఆ చెయ్యి పుణ్యాన
కుడిచేతోళ్ళకు వీపు వెనకుండే మొదటి బేసు
నాకు ఎదురుగ్గా ఉండాది.
అక్కడ నిలబడి జరుగుతా జరుగుతా పోయే రన్నరు
నా కండ్లలోకే చూస్తాది,
నేను దాని మోకాళ్ళు చూస్తా.

ముందు ఆగాల, ఊపిరి తప్ప ఏదీ కదలగూడదు.
బేసుకు విసరాలంటే అడుగు అటే పడాల,
ఆ తర్వాతే చెయ్యి.
కాలొక మాట, చెయ్యొక మాట చెప్పగూడదు.
ఎత్తిన కాలు పలక వెనకంచు దాటెనా
మొదటి బేసును మర్చిపో.
బ్యాటరుకని మొదలుపెడితే బ్యాటరుకే.
మొదటి బేసు దిక్కు అడుగేసి విసరకుంటే
అది బాక్:
రన్నరు తీరిగ్గా నడుచుకుంటా రెండో బేసుకు పోతాది,
నువ్వు చూస్తా నిలబడాల.

"చూపుతో మోసం చెయ్యొచ్చా సార్?"
అడిగింది మాబున్ని.
సార్ కొంచేపు ఆలోచించి
"చూపుకు చట్టం లేదు మే" అన్నాడు.

పత్తికొండోళ్ళతో ఆట.
ముందు రోజు రాత్రి వాన.
నాలుగూ నాలుగు, ఆఖరి ఇన్నింగ్సు.
మొదటి బేసు మీద ఒక పొడుగు పిల్ల
మూడడుగులు జరిగింది, ఇంకో అర.
నేను బ్యాటరునే చూస్తా ఆగినా.
కాలెత్తినా.
కాలు మొదటి బేసు దిక్కే పడింది, నిక్కచ్చిగా,
సార్ గీత గీసి నేర్పించినట్లే.
చెయ్యి చెవి దాకా వచ్చింది.

బేసు కాడ మా సుంకులమ్మ లేదు.
ఉండాది గానీ వంగి ఉండాది.
వాన కడిగిన మట్టిలో ఏదో మెరిసిందంట.

విసిరితే దాని మెడ మీద పడతాది.
ఆపుకున్నా.
"బాక్!" అన్నాడు అంపైరు.
మనసులో ఏముందో ఆయన చూడడు,
కాలు చూస్తాడు.

మళ్ళా బంతికే ఆ పొడుగు పిల్ల ఇంటికి చేరింది.
ఐదూ నాలుగు.

సుంకులమ్మ పిడికిలి తెరిస్తే
సోడాబుడ్డి పెంకు.
సార్ దాన్ని తీసుకుని
ముందు ఎండకు పట్టి చూసినాడు,
ఆ తర్వాతే తిట్టినాడు.
ఊరోళ్ళెవురూ ఏమనలేదు.
మా ఊర్లో వంగని నడుమేదీ?

ఆ నెలలోనే మా అమ్మకు
గడ్డి పీకతావుంటే దొరికింది,
కందిగింజంత.
వ్యాపారి వచ్చి తువ్వాల కప్పినాడు,
దాని కింద వాళ్ళ చేతులు.
అమ్మ ముఖం చూస్తా నిలబడినా.
మూడేళ్ళు నొక్కినాడు కాబోలు, వెలుగొచ్చింది.
అంతలోనే ఒకటి ముడిచినాడు కాబోలు,
కనుబొమ్మ దిగింది.

"బాక్!" అని అరిచినా.

తువ్వాల జారింది.
"ఏమంటాది ఈ పాప?" అన్నాడాయన.
అమ్మకు బాక్ అంటే ఏం తెలుసు?
రాయిని కొంగున ముడేసుకుని
ఒకడుగు వెనక్కి వేసింది.

ఇంగ ఎవురికన్నా అమ్ముకుంటాది, అమ్మకపోతాది.