వేడెక్కేదాకా

తాంపెరెలో, పాత నూలుమిల్లు మూడో అంతస్తులో
మా ప్రయోగశాల.
కిటికీ కింద ఏరు
జనవరిలో కూడా గడ్డకట్టదు.

రైమో తన ఆంప్‌ని
పిల్లల ప్లాస్టిక్ మంచుబండి మీద లాక్కొచ్చాడు,
దుప్పటి చుట్టి, తాడు కట్టి.
"యాభై ఏళ్లు డాన్సు హాళ్లలో టాంగోలు పలికింది.
ఇది పోకముందే దీని గొంతు దాచిపెట్టండి."

హెన్రీకా సర్క్యూట్ పటం బల్ల మీద పరిచింది.
ఆమెది లెక్కల దారి.
ప్రతి రెసిస్టరుకూ ఓ సమీకరణం,
ప్రతి కెపాసిటరుకూ కాస్త జ్ఞాపకం,
ట్యూబులో ఎంత ఒత్తిడికి
స్వరం ఎక్కడ చిట్లుతుందో
సెకనుకు లక్షసార్లు గుణించి చూడటం.
"దేంతో చేశారో తెలిస్తే
ఎలా పలుకుతుందో తెలుస్తుంది" అంటుంది.

నాకు పటం అక్కర్లేదు.
నాది చిలక్కి మాటలు నేర్పే పని.
ఇటు నుంచి గిటార్ పంపిస్తాను,
అటు వచ్చింది మైకుతో పట్టుకుంటాను:
గుసగుసలు, గీరలు, ఆరు తీగల మీదా ఒకేసారి దెబ్బ.
రాత్రంతా నెట్‌వర్క్
తప్పు పలుకుతుంది, దిద్దుకుంటుంది,
మళ్లీ తప్పు పలుకుతుంది.
తెల్లారేసరికి తప్పు సన్నబడుతుంది, అంతే.
ఎందుకలా పలికిందంటే
దానికీ తెలియదు, నాకూ తెలియదు.

రైమో కళ్లు మూసుకుని విన్నాడు.
హెన్రీకాది అయ్యాక,
"బాగుంది. కొట్లో కొన్నరోజు ఇలాగే ఉండేది" అన్నాడు.
ఆమె మొహం చిన్నబోయింది.
నాది మొదలైన రెండో క్షణానికే
కుర్చీలోంచి లేచాడు.
"ఆ చివరి జీర! అది ఎస్కో!"

వెనక చెక్క విప్పాం.
పటంలో లేని రెసిస్టరు ఒకటి,
కందిగింజంత టంకం ముద్దలో వంకరగా.
డెబ్బైనాలుగులో, లాపువా దగ్గర, హాలు వెనకాల,
బయట జనం ఈలలేస్తుంటే
టార్చి పళ్లతో కరిచిపట్టుకుని
తమ్ముడు ఎస్కో అతికించాడట,
జేబులో దొరికిందేదో,
ఆ ఒక్క రాత్రి గడిస్తే చాలని.
ఆ రాత్రి గడిచింది. ఎస్కో కూడా వెళ్లిపోయాడు.
ముద్ద ఊడలేదు.

గెలిచాననుకుంటున్నాను.
రైమో చెయ్యెత్తాడు.
"కింది తీగ మోగినప్పుడల్లా ఆ గలగలేంటి?"

రాత్రి స్పీకరు పెట్టె మీద మరిచిపోయిన నా కప్పు.
అందులో చెంచా.
చిలక దాన్నీ నేర్చేసుకుంది.
తమ్ముడి జీరేదో, చెంచా మోతేదో
దానికి చెప్పినవాళ్లెవరు?

హెన్రీకా నవ్వలేదు. పెన్సిల్ చెక్కుకుని
పటంలో చిన్న మెలికల గీత కలిపింది.
పక్కన అంకె వేయాల్సిన చోట
"ఎస్కో" అని రాసింది.
దాని విలువ కొలవడానికి మీటరు తెచ్చింది.

నెల తర్వాత కొత్త పెట్టె ఇచ్చాం,
రొట్టెముక్కంత బరువు.
రైమో స్విచ్ వేసి, గిటార్ ఒళ్లో పెట్టుకుని
చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు.
"ట్యూబులు లేవు దీనికి,
వెంటనే పలుకుతుంది" అన్నాను.

"తెలుసు" అన్నాడు.
ఇంకాస్సేపు ఆగాడు.