పొగగొట్టానికి టోపీ

రోహిణి కార్తెలో గొట్టం మీద సత్తు గిన్నె బోర్లించాం.
"చాలదూ?" అన్నాడు మా ఆయన
నిచ్చెన దిగి చేతులు దులుపుకుంటూ.
మర్నాడు నువ్వుల కారానికి మిరపకాయలు వేయించానో లేదో
పొగంతా వెనక్కి తిరిగొచ్చింది,
దారి తెలిసిన చుట్టంలా
తిన్నగా పీట మీదికి.
పైవాటా విమలా టీచరు
పదోసారి దగ్గి కిటికీ మూసింది.
ఆ రెక్క చప్పుడులో నాకో తిట్టు వినిపించింది.

గిన్నె తీసేశాం.
ఆరుద్రలో వాన.
గొట్టంలోంచి నల్లనీళ్ళు జారి
పొయ్యిలో సగం,
ఆరబోసిన కరివేపాకులో సగం.
తెనాలి పెళ్ళివారి ఆర్డరది.
ఏడుపైతే రాలేదు గాని
ఆ ఆకు వంక చాలాసేపు చూశాను.

లాలాపేటలో రేకుల కొట్టు, బాజీది.
వాళ్ళ నాన్న పొగాకు బ్యారన్లకి గొట్టాలు చుట్టేవాడట.
"పొగాకు బ్యారన్ చెప్పినట్టు ఇంటదమ్మా.
మిరప్పొగ అట్టా కాదు."

చూరుకి వేలాడుతున్నాయి టోపీలు:
శంకులు, తాటాకు గొడుగుల్లాంటివి,
గాలికి గిర్రున తిరిగే వెండి ఉల్లిపాయ ఒకటి.
నా కళ్ళు దాని మీదే.
"అది తిరగటానికి తిరుగుద్ది.
ఏడాదికల్లా మసి పట్టి కీచుమంటది.
పైనోళ్ళ నిద్దర మాటేంది?"
నేను పైవాటా ఊసే ఎత్తలేదు.
ఎవరికైనా పైన ఎవరో ఉంటారని
అతనికి తెలుసు కాబోలు.

గొట్టం ఎన్నంగుళాలు?
ఆరు.
పొయ్యిలో ఏం పెడతారు?
సరుగుడు. దొరక్కపోతే జామాయిలు.
పిట్టగోడ దాటిందా గొట్టం?
దాటలేదు.
"మరింకేం! టోపీ తర్వాత. ముందు రెండడుగులు లేపాలి."
పిట్టలొస్తాయా?
గోరింకలు, అన్నాను.
మొన్న గడ్డిపోచలు రాలాయి పొయ్యిలోకి.
ఒక నీలం గుడ్డు పెంకు కూడా.
అతను రాసుకోవటం ఆపి
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

జల్లెడ కట్టాలన్నాడు.
సన్న కన్నులైతే మసి ఆగి గొట్టానికి ఊపిరాడదు,
పెద్దవైతే మళ్ళీ గోరింక.
అర అంగుళం, అంటూ
బొటనవేలి గోరు చూపించాడు.

జీఐ రేకు మూడొందల యాభై. స్టీలు పదకొండొందలు.
"జీఐ రెండు వానాకాలాలు.
స్టీలైతే మీ మనవరాలి పెళ్ళికీ ఉంటది."
మా అమ్మాయి ఆరో తరగతి, అన్నాను.
"ఫరవాలేదు, ఆగుద్ది."
నెలాఖరు. చేతిలో ఏడొందలు.
మిగతాదానికి కందిపొడి, ఒక డబ్బాడు గోంగూర.
రంజాన్‌కి పనికొస్తదని ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున బ్రాడీపేట మా సందులోకి
సైకిలు మీద టోపీ కట్టుకుని వచ్చాడు.
గొట్టం మూతికీ టోపీకీ నడుమ
తన నాలుగేళ్ళూ అడ్డంగా పెట్టి చూశాడు,
బెత్తెడు సందు, అంతే.
"కప్పాల గాని కుక్కకూడదమ్మా"
అని మేకు కొట్టాడు.
తర్వాత పైనుంచే కేక:
"ఇప్పుడు వేయించండి!"

పిడికెడు ఎండుమిరప వేశాను.
చాలాసేపు ఏ చప్పుడూ లేదు.
పొగ పీట వైపు రాలేదు,
నా కొంగు దాకా కూడా రాలేదు.
పైన ఒక తుమ్ము.
రెండు. మూడు. లెక్క తప్పింది.
"వచ్చేస్తంది, వచ్చేస్తంది!"
కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు
పిట్టగోడ మీద బాజీ.

ఇప్పుడు వానొస్తే
టోపీ మీద టపటపలు, కింద మంట మంటే.
నిన్న మధ్యాహ్నం పైనుంచి తాడుకి బుట్ట దిగింది,
అందులో యాభై నోటు, చీటీ:
"వంద గ్రాములు. పొద్దున వేయించిందేదో అది."

సాయంత్రాలు పొయ్యి ఆర్పాక
గోరింకలు రెండు వచ్చి టోపీ మీద వాలతాయి,
కాళ్ళు కాచుకోవటానికో
జల్లెడ వంక ఒక చూపు చూసి పోవటానికో.
గూడు ఇప్పుడెక్కడ పెట్టుకున్నాయో
నేను పైకెక్కి చూడలేదు.